ప్రయాణపు హోరు – చెవికి తగిన ఇయర్‌ఫోన్

కోనసీమలో పుట్టినవారికి ప్రయాణం తప్పదు. గౌతమికీ వసిష్ఠకూ నడుమ, సముద్రాన్ని ఆనుకొని ఉన్న ఈ త్రికోణపు నేలలో అమలాపురానికి ఇంకా రైలు రాలేదు. కోటిపల్లి నుండి నరసాపురం వరకు తలపెట్టిన రైలుమార్గం పనులు ఏళ్ల తరబడి సాగుతూనే ఉన్నాయి. అందుచేత రైలెక్కాలంటే రావులపాలెం మీదుగా రాజమహేంద్రవరానికో, యానాం వంతెన దాటి కాకినాడకో, దిండి–చించినాడ వంతెన మీదుగా పాలకొల్లుకో పోవాలి. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నరసాపురం చేరేవారూ ఉన్నారు. చదువులకు వెళ్ళే పిల్లలు, హైదరాబాదు ఉద్యోగాలకు రాత్రి బస్సెక్కే యువకులు, గల్ఫ్ దేశాలకు ఇళ్ళల్లో పనికి పోయే ఆడపడుచులు – అందరికీ ప్రయాణమే జీవితంలో ఒక భాగం. ఆ ప్రయాణానికంతటికీ తోడుగా ఒక హోరు ఉంటుంది. ఇంజను హోరు, గాలి హోరు, హారను మోత, పక్క సీటాయన ఫోనులో నుండి వచ్చే సినిమా పాట.

ఉద్యోగ విరమణ చేసి అరుగు మీద కూర్చున్నా వైద్యుడికి ప్రశ్నలు తప్పవు. రక్తపోటు మాత్ర ఉదయం వేసుకోవాలా, రాత్రి వేసుకోవాలా అన్నది పాత ప్రశ్న. ఈమధ్య కొత్త ప్రశ్న ఒకటి వచ్చి చేరింది. “మా వాడు ఎప్పుడూ చెవుల్లో ఆ ఇయర్‌ఫోన్లు పెట్టుకొనే ఉంటాడండి. చెవులు పాడైపోవూ?” అని తల్లి అడుగుతుంది. ఆవిడ అటు వెళ్ళగానే కొడుకు వచ్చి, “బస్సు హోరు వినబడకుండా ఉండేవి, తక్కువ ధరలో ఏవి కొనుక్కోమంటారండీ?” అంటాడు. ఈ రెండు ప్రశ్నలూ వేర్వేరుగా కనబడతాయి గాని, వైద్యశాస్త్రం దృష్టిలో రెండింటికీ జవాబు ఒక్కచోటే ఉన్నది. దానిని వివరంగా చెప్పడానికే ఈ వ్యాసం.

ఇయర్‌ఫోను చెవికి దగ్గరగా ఉండడం వల్ల చెవి పాడవుతుందని చాలామంది అనుకుంటారు. దగ్గరగా ఉండడం దోషం కాదు. ఎంత గట్టిగా, ఎంతసేపు వింటున్నామన్నదే లెక్క. ఇంట్లో నిశ్శబ్దంగా ఉన్నప్పుడు ఫోను శబ్దాన్ని మూడో వంతులో పెట్టుకొని హాయిగా వినే మనిషే, బస్సెక్కగానే దానిని చివరికంటా పెంచుతాడు. పాట మీద మోజు పెరిగి కాదు, హోరులో పాట వినబడక పెంచుతాడు. అంటే చెవికి దెబ్బ తగిలేది హోరుకూ పాటకూ జరిగే పోటీలో. ఆ పోటీని తగ్గించగలిగితే చాలు, శబ్దం దానంతటదే తగ్గుతుంది. కనుక బయటి హోరును బాగా ఆపగలిగే ఇయర్‌ఫోను విలాస వస్తువు కాదు. సరిగా వాడితే అది చెవికి కాపలా.

శబ్దాన్ని కొలిచే డెసిబెల్ లెక్క మన మామూలు కూడికల లెక్క వంటిది కాదు. 3 డెసిబెల్స్ పెరిగితే చెవి మీద పడే శబ్దశక్తి రెట్టింపు అవుతుంది. 10 పెరిగితే పదింతలు అవుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సురక్షితంగా వినడానికి ఒక హద్దు చెప్పింది. పెద్దలకు 80 డెసిబెల్స్ చొప్పున వారానికి 40 గంటలు. శబ్దం 3 డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా ఆ గంటలు సగానికి తగ్గిపోతాయి. 83 అయితే 20 గంటలు, 86 అయితే 10 గంటలు, 89 అయితే 5 గంటలు, 92 అయితే రెండున్నర గంటలు. పిల్లలకు హద్దు ఇంకా తక్కువ: 75 డెసిబెల్స్ చొప్పున వారానికి 40 గంటలు. మనం ఇంటి ఖర్చులకు నెలకు ఇంత అని కేటాయించుకొన్నట్లు, చెవికి వారానికి ఇంత శబ్దం అని ఒక బత్తెం ఉన్నదనుకోండి. తొందరగా ఖర్చు చేస్తే మిగిలిన రోజులు అప్పు మీద గడుస్తాయి. చెవి విషయంలో ఆ అప్పు తీర్చే దారి లేదు.

దారి ఎందుకు లేదో తెలియాలంటే చెవి లోపలికి కొంచెం తొంగి చూడాలి. శబ్దం కర్ణభేరిని కదిలిస్తుంది. ఆ కదలికను మూడు చిన్న ఎముకలు లోపలి చెవికి చేరవేస్తాయి. అక్కడ నత్తగుల్ల ఆకారంలో కోక్లియా అనే అవయవం ఉన్నది. దానిలో ద్రవం, ఆ ద్రవంలో సన్నని కేశాల వంటి తంతువులున్న కణాలు వరుసలు తీరి ఉంటాయి. వీటిని కేశకణాలంటారు. ఒక్కొక్క చెవిలో లోపలి వరుసలో సుమారు 3,500, బయటి వరుసల్లో సుమారు 12,000 ఉంటాయి. గాలికి వరిచేను తల వంచి మళ్ళీ లేచినట్లు ఈ తంతువులు శబ్దానికి వంగి లేస్తాయి. పెనుగాలికి చేను పడిపోతుంది. చిన్న దెబ్బ అయితే ఒకటి రెండు రోజుల్లో తేరుకొంటుంది. పెద్ద దెబ్బ, లేదా ప్రతిరోజూ తగిలే చిన్న దెబ్బ అయితే కణం చచ్చిపోతుంది. రైతు మళ్ళీ నాట్లు వేసుకోగలడు గాని, మనిషి చెవిలో చనిపోయిన కేశకణం తిరిగి మొలవదు.

ఈ నష్టం మొదట 4,000 హెర్ట్జ్ పరిసరాల్లో, అంటే సన్నని శబ్దాల దగ్గర మొదలవుతుంది. మాటలోని అచ్చులు బరువైన శబ్దాలు. స, శ, చ, త, ప, క వంటి హల్లులను విడదీసి చూపేవి సన్నని శబ్దాలు. అందుచేత వినికిడి దెబ్బతిన్నవాడు “వినబడటం లేదు” అనడు. “వినబడుతోంది గాని తెలియడం లేదు” అంటాడు. పాలు, కాలు, తాలు, చాలు – ఈ నాలుగు మాటలూ అతనికి ఒక్కలాగే వినబడతాయి. ఎదుటివారు గొణుగుతున్నారని విసుక్కుంటాడు. ఇంట్లోవారు వీడికి పరధ్యానం అనుకుంటారు. ఇరవై ఏళ్ల పిల్లవాడిలో చెవుడును ఎవరు ఊహిస్తారు?

మా వీధిలో ఒక కుర్రవాడు కొత్తపేట వైపు నుండి రాజమహేంద్రవరానికి రోజూ కాలేజీకి వెళ్ళివచ్చేవాడు. రానూపోనూ మూడు గంటల బస్సు. ఒకనాడు అతని తల్లి వచ్చి, “బాబాయిగారూ, వీడు పిలిస్తే పలకడు, ఒకటి అడిగితే ఇంకొకటి చెబుతాడు. రాత్రిళ్ళు చెవిలో కీచురాళ్ళు అరుస్తున్నాయంటాడు” అన్నది. వినికిడి పరీక్ష చేయించాము. రెండు చెవుల్లోనూ 4,000 హెర్ట్జ్ దగ్గర గీత గుంటలో పడినట్లు దిగిపోయింది. శబ్దం వల్ల వచ్చే నష్టానికి అది ముద్ర వంటిది. ఆ పిల్లవాడి జేబులో ఉన్నవి నూట యాభై రూపాయల ఇయర్‌ఫోన్లు. గట్టి ప్లాస్టిక్కువి, చెవి గుంటలో వదులుగా వేలాడేవి. బయటి హోరును అవి ఏమాత్రం ఆపవు. హోరుగా ఉండే బస్సులో ఇంజనుకు దగ్గరి సీట్లలో శబ్దం 80 డెసిబెల్స్‌కు అటూ ఇటూ ఉంటుంది. పాట స్పష్టంగా వినబడాలంటే దానికి పది ఎక్కువ, అంటే 90 వరకు పెంచాలి. వారానికి 18 గంటలు అలా విన్నాడు. ఆ స్థాయికి అనుమతి ఉన్నది నాలుగైదు గంటలే.

తల్లి ఆ ఇయర్‌ఫోన్లను పొయ్యిలో పారేయమన్నది. నేను వేరే మాట చెప్పాను. మూడు గంటల ప్రయాణంలో పిల్లవాడు పాఠాలు వింటానంటే వద్దనడం మన తరం కాదు, వద్దన్నా వినడు. కొత్తవి కొనాలి, అయితే తెలిసి కొనాలి. ఆరువందల రూపాయలలో చెవిని బాగా మూసే తీగ ఇయర్‌ఫోన్లు తెచ్చుకొన్నాడు. ఇప్పుడు సగం శబ్దం కూడా పెట్టవలసిన పని లేకుండా వింటున్నాడు. చెవిలోని కూత చాలావరకు తగ్గింది. పరీక్షలో గుంట మాత్రం అలాగే ఉన్నది. అది పూడదు, ఇంకా లోతు కాకుండా చూసుకోవడమే మన చేతిలో ఉన్నది.

ఇక ఎంపిక సంగతి. బయటి హోరును ఆపడానికి రెండు మార్గాలున్నాయి. మొదటిది సీసాకు బిరడా పెట్టినట్లు చెవి కాలువను మూయడం. రెండవది శబ్దానికి ఎదురు శబ్దం పంపి దానిని చల్లార్చడం.

మొదటి మార్గంలో ఇయర్‌ఫోను చివర మెత్తని సిలికాన్ రబ్బరు తొడుగు గాని, స్పంజి వంటి ఫోమ్ తొడుగు గాని ఉంటుంది. సరిగా అమరితే రబ్బరు తొడుగు 15 నుండి 20 డెసిబెల్స్ వరకు ఆపుతుంది. ఫోమ్ తొడుగు చెవిలో నెమ్మదిగా ఉబ్బి కాలువ ఆకారానికి ఒదిగిపోతుంది కనుక ఇంకొంచెం ఎక్కువ ఆపుతుంది. 80 డెసిబెల్స్ హోరు లోపలికి వచ్చేసరికి 60–65 అవుతుంది. అప్పుడు పాట 70–75 దగ్గర పెట్టుకొన్నా స్పష్టంగా వినబడుతుంది. వారపు బత్తెంలో ఎంతో మిగులుతుంది. దీనికి విద్యుత్తు అక్కరలేదు, ఛార్జింగు అక్కరలేదు, ఖరీదు తక్కువ.

రెండవ మార్గాన్ని ఏఎన్‌సీ అంటారు. ఇయర్‌ఫోనులోని చిన్న మైకు బయటి హోరును వింటుంది. లోపలి పరికరం దానికి సరిగ్గా తలక్రిందులైన తరంగాన్ని తయారుచేసి చెవిలోకి పంపుతుంది. కాలువలో ఒక అల ఉబ్బు, ఇంకొక అల గుంట ఒకేచోట కలిస్తే నీరు మట్టంగా కనబడినట్లు, రెండు శబ్దాలూ కలిసి ఒకదానినొకటి రద్దు చేసుకొంటాయి. ఈ ఆలోచనకు జర్మనీకి చెందిన పాల్ లూగ్ 1936లోనే అమెరికాలో పేటెంటు పొందాడు. దానిని హెడ్‌ఫోన్లలోకి తెచ్చినవారిలో ముఖ్యుడు అమర్ బోస్. ఆయన తండ్రి బెంగాల్ నుండి అమెరికా వెళ్ళిన స్వాతంత్ర్య పోరాట కార్యకర్త. అమర్ బోస్ 1978లో జ్యూరిచ్ నుండి బోస్టన్‌కు విమానంలో వస్తూ, హోరులో సంగీతం సరిగా వినబడక, ఆ ప్రయాణంలోనే లెక్కలు వేయడం మొదలుపెట్టాడు. 1989లో ఆయన సంస్థ విమాన చోదకుల కోసం అటువంటి హెడ్‌సెట్‌ను అమ్మకానికి తెచ్చింది. ఒకనాడు విమాన చోదకులకే దక్కిన ఆ సౌకర్యం ఇప్పుడు రెండువేల రూపాయల వస్తువులో దొరుకుతోంది.

అయితే ఏఎన్‌సీ హద్దులు తెలుసుకోవాలి. అది ఒకే తీరుగా సాగే బరువైన హోరును బాగా తగ్గిస్తుంది: విమానం గర్జన, ఏసీ బస్సు ఇంజను, రైలు చక్రాల రొద. హఠాత్తుగా వచ్చే హారనునూ, పసిపిల్ల ఏడుపునూ, వెనుక సీటులోని కబుర్లనూ అంతగా ఆపలేదు. ఆ సన్నని శబ్దాలను ఆపేది మళ్ళీ చెవిని మూసే తొడుగే. కనుక తొడుగు సరిగా అమరని ఏఎన్‌సీ ఇయర్‌ఫోను తలుపులు తీసి ఏసీ వేసుకొన్నట్లుంటుంది.

కొనేవారు ఎక్కువగా పొరపడే చోటు ఒకటున్నది. పెట్టె మీద ఏఎన్‌సీ అని ఉన్నదా, ఈఎన్‌సీ అని ఉన్నదా అని జాగ్రత్తగా చదవాలి. ఒక్క అక్షరం తేడాలో ఎంతో ఉన్నది. ఈఎన్‌సీ అంటే మీరు ఫోనులో మాట్లాడుతున్నప్పుడు మీ చుట్టూ ఉన్న గోలను అవతలివారికి వినబడకుండా వడకట్టే ఏర్పాటు. అది మీ చెవిలోకి వచ్చే హోరును ఒక్క డెసిబెల్ కూడా తగ్గించదు. వెయ్యి రూపాయల లోపు పెట్టెల మీద “నాయిస్ క్యాన్సలేషన్” అని పెద్ద అక్షరాలతో వేసి, చిన్న అక్షరాలతో ఈఎన్‌సీ అని ఉంటే అది మీ సుఖం కోసం కాదు, మీరు మాట్లాడే మనిషి సుఖం కోసం. అలాగే “40 డెసిబెల్స్ వరకు” అని రాసి ఉంటే, ఆ “వరకు” అన్న మాటను గమనించండి. ఏదో ఒక బరువైన స్వరం దగ్గర వచ్చిన గరిష్ఠ సంఖ్య అది. అన్ని శబ్దాలూ అంత తగ్గుతాయని అర్థం కాదు.

బడ్జెట్టును బట్టి నా సలహా ఇది. ప్రయాణంలో నిద్రపోవడమే మీ కోరిక అయితే ఇయర్‌ఫోనే అక్కరలేదు. మందుల దుకాణాల్లోనో ఆన్‌లైన్‌లోనో దొరికే ఫోమ్ చెవి బిరడాలు చాలు. జత ఇరవై ముప్పై రూపాయలకు మించదు. రాత్రి బస్సులో హైదరాబాదు వెళ్ళేవారికి దీనికన్నా చవకైన మందు నాకు తెలియదు. పాటలు, పాఠాలు వినాలనుకొంటే ఐదువందల నుండి వెయ్యి రూపాయలలో మూడు సైజుల తొడుగులతో వచ్చే తీగ ఇయర్‌ఫోన్లు మంచివి. మీ ఫోనుకు గుండ్రని రంధ్రం ఉన్నదో, టైప్-సీ మాత్రమే ఉన్నదో ముందే చూసుకోండి. తీగ బట్టలకు రాసుకొని గరగరమంటే, దానిని చెవి మీదుగా వెనక్కు తిప్పి వేసుకోండి, తగ్గుతుంది. తీగ ఉన్నది కనుక సీటు సందులోనో, పంటు మీద నుండి గోదావరిలోనో జారిపడదు. తరచుగా దూర ప్రయాణాలు చేసేవారు, విమానమెక్కేవారు పదిహేనువందల నుండి మూడువేల రూపాయలలో ఏఎన్‌సీ ఉన్నవి తీసుకోవచ్చు. కంపెనీల పేర్లు నేను రాయడం లేదు. ఆరు నెలలకు రకాలు మారిపోతాయి. చెవి నిర్మాణం మాత్రం మారదు. కనుక పేరు కన్నా అమరిక చూడండి.

అమరికను పరీక్షించే పద్ధతి సులభం. చెవి కాలువ పెద్దలలో సుమారు రెండున్నర సెంటీమీటర్ల పొడవుండి, కొంచెం వంకర తిరిగి ఉంటుంది. ఎదుటి చేతిని తల వెనుక నుండి తెచ్చి చెవి డొప్పను పైకి, వెనక్కు లాగితే వంకర తిన్నబడుతుంది. అప్పుడు ఇయర్‌ఫోనును మెల్లగా పెట్టి డొప్పను వదలండి. ఫోమ్ అయితే ముందుగా వేళ్ళతో నలిపి సన్నగా చేసి పెట్టి, ఉబ్బేవరకు అర నిమిషం పట్టుకోండి. పాట పెట్టకుండా ఫ్యాను కింద కూర్చోండి. ఫ్యాను చప్పుడు దూరం జరిగినట్లు ఉండాలి. తరువాత పాట పెట్టండి. మద్దెల, డోలు వంటి బరువైన నాదం పలుచగా వినబడితే తొడుగు వదులుగా ఉన్నదని అర్థం. ఇంకొక సైజు చూడండి. ఒకే మనిషికి కుడి చెవికి ఒక సైజు, ఎడమ చెవికి ఇంకొక సైజు సరిపోవడం సహజమే. పెట్టెలో వచ్చిన మధ్య సైజుతోనే జీవితమంతా గడిపి “ఇవి మంచివి కావు” అని పారేసేవారు ఎందరో. పది నిమిషాలకు నొప్పి పుడితే మాత్రం అది పెద్ద సైజు; భరించి వాడకండి.

మంచివి కొన్నాక కూడా శబ్దాన్ని ఫోను చూపే గీతలో 60 శాతం దాటనీయకండి. చాలా ఫోన్లలో శబ్దానికి గరిష్ఠ హద్దు పెట్టే ఏర్పాటు ఉంటుంది. పిల్లల ఫోన్లలో దానిని తప్పక వాడండి. గంటకొకసారి పది నిమిషాలు చెవులకు విశ్రాంతి ఇవ్వండి. రావులపాలెంలో బస్సు ఆగితే టీ తాగడానికి దిగినప్పుడు చెవుల్లోంచి కూడా తీసేయండి. ఒక చెవికే పెట్టుకొని వినే అలవాటు మంచిది కాదు. రెండవ చెవిలోకి హోరు వస్తూ ఉంటే మొదటి చెవికి శబ్దం పెంచవలసి వస్తుంది.

మన ప్రాంతానికి ప్రత్యేకించి ఒక హెచ్చరిక. ఇది నీటి సీమ, గాలిలో చెమ్మ ఎక్కువ. దానికి తోడు తలంటు రోజున చెవుల్లో కొబ్బరినూనె పోసే ఆచారం ఇప్పటికీ ఉన్నది. చెమ్మ, నూనె, పైన బిరడా – ఈ మూడూ కలిస్తే చెవి కాలువలో బూజు పెరుగుతుంది. విపరీతమైన దురద, చెవి మూసుకుపోయినట్లుండడం, నల్లని లేదా తెల్లని పొట్టు రావడం దాని లక్షణాలు. దురదకు పిన్నీసు, అగ్గిపుల్ల, కోడి ఈక పెట్టి తిప్పితే కాలువ గాయపడి చీము పడుతుంది. కనుక చెవిలో నూనె పోయకండి. స్నానం చేసిన వెంటనే, చెమట పట్టినప్పుడు ఇయర్‌ఫోను పెట్టకండి. తొడుగులను వారానికొకసారి విడదీసి సబ్బునీటితో కడిగి, పూర్తిగా ఆరిన తరువాతే తిరిగి తొడగండి. ఫోమ్ తొడుగులు కడగడానికి పనికిరావు. మురికి పట్టగానే మార్చాలి. ఇయర్‌ఫోను పళ్ళు తోముకొనే బ్రష్షు వంటిది. అన్నదమ్ములైనా, ఆలుమగలైనా ఒకరిది ఒకరు వాడకూడదు. కర్ణభేరికి రంధ్రం ఉన్నవారు, చెవి నుండి చీము కారేవారు చెవిలో దూర్చే రకాలను అసలు వాడరాదు; చెవి మీద బోర్లించే పెద్ద హెడ్‌ఫోన్లు వారికి నయం. గులిమి ఎక్కువగా ఉన్నవారు ముందు వైద్యుడి చేత తీయించుకోవాలి, లేకపోతే ఇయర్‌ఫోను దానిని ఇంకా లోపలికి నెడుతుంది.

గల్ఫ్‌కు వెళ్ళే మా ఆడపడుచులకు ఒక మాట. విమానంలో హోరు ఎడతెగకుండా ఉంటుంది, అక్కడ ఏఎన్‌సీ నిజంగా ఉపకరిస్తుంది. కాని విమానం దిగేటప్పుడు చెవిలో బిగువుగా ఉన్నవాటిని తీసివేయండి. గాలి ఒత్తిడి మారే ఆ సమయంలో చెవి స్వేచ్ఛగా ఉండాలి. చాక్లెట్టు చప్పరించడం, మింగడం, ఆవులించడం చేస్తే చెవి దిబ్బడ విడుతుంది.

హోరును ఆపే ఇయర్‌ఫోను హెచ్చరికనూ ఆపుతుందని మరువరాదు. బండి నడుపుతూ గాని, రోడ్డు పక్కన నడుస్తూ గాని, రైలు పట్టాలు దాటుతూ గాని, రేవులో పంటు ఎక్కుతూ దిగుతూ గాని పెట్టుకోరాదు. వెనుక నుండి వచ్చే లారీకి మీ పాట సంగతి తెలియదు. బస్సులో సీటులో కూర్చున్నాక పెట్టుకోండి, లేచేముందు తీయండి. రాత్రి ఒంటరిగా ప్రయాణించే అమ్మాయిలు నిద్రకు ముందు, దిగవలసిన చోటు కండక్టరుకో డ్రైవరుకో చెప్పి, చేతి గడియారంలోనో ఫోనులోనో వణికే అలారం పెట్టుకోవడం మంచిది.

కొన్ని లక్షణాలకు ఏ ఇయర్‌ఫోనూ మందు కాదు. ప్రయాణం తరువాత చెవిలో కూత ఒక రోజు దాటినా తగ్గకపోతే, మాటలు మసకగా వినబడితే, వినికిడి పరీక్ష చేయించుకోండి. కాకినాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో చెవి, ముక్కు, గొంతు విభాగం ఉన్నది. ఒక చెవి ఉన్నట్లుండి వినబడడం మానేస్తే మాత్రం రేపు చూద్దామనుకోకండి. అది అత్యవసర స్థితి. మొదటి రోజుల్లో వైద్యం మొదలుపెడితే వినికిడి తిరిగి వచ్చే అవకాశం ఎక్కువ. అరవై దాటినవారు మాటలు తెలియడం లేదని ఇయర్‌ఫోనులో శబ్దం పెంచుకొంటున్నట్లయితే, వారికి కావలసింది వినికిడి యంత్రం కావచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో వెలువరించిన నివేదిక ప్రకారం ప్రపంచంలో 150 కోట్లకు పైగా ప్రజలకు ఏదో ఒక స్థాయిలో వినికిడి లోపం ఉన్నది. 2050 నాటికి అది 250 కోట్లకు చేరవచ్చు. వినికిడి లోపాన్ని ముందుగా గుర్తించి నివారించడానికి మన దేశంలో జాతీయ కార్యక్రమం నడుస్తున్నది.

చివరగా, చెవిలో బిరడా పెట్టుకొనేవారి కన్నా ఆ హోరులోనే పనిచేసేవారి గురించి నేను ఎక్కువ ఆలోచిస్తాను. పంటు ఇంజను పక్కన రోజంతా నిలబడే సరంగు, కొబ్బరి పీచు యంత్రాల దగ్గర పనిచేసే స్త్రీలు, రైసుమిల్లు కూలీలు – వీరిలో చాలామంది చెవికి ఏ రక్షణా లేకుండా ఏళ్ల తరబడి పనిచేస్తున్నారు. వారికి పాటల ఇయర్‌ఫోను ఇవ్వకండి. హోరు మీద పాటను చేర్చడమే అవుతుంది. ఫోమ్ బిరడాలో, చెవులు మూసే కప్పులో ఇవ్వండి. యజమానికి అయ్యే ఖర్చు మనిషికి నెలకు ఒక పూట టిఫిను ఖర్చుకు మించదు. తోటి ప్రయాణికుల సంగతీ అంతే. 2000 నాటి శబ్దకాలుష్య నియమాల ప్రకారం ఆసుపత్రులు, బడులు, న్యాయస్థానాల చుట్టూ వంద మీటర్ల మేర నిశ్శబ్ద ప్రాంతంగా ప్రకటించవచ్చు. అక్కడ పగలు 50, రాత్రి 40 డెసిబెల్స్ దాటరాదు. నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45. ఈ అంకెలు కాగితం మీద ఉన్నాయి. బస్సులో ఫోనును బాహాటంగా మోగించకుండా ఉండడానికి మాత్రం చట్టం అక్కరలేదు, పక్కవాడి చెవి కూడా చెవేనన్న తలంపు చాలు.

మీ పెట్టెలో వాడకుండా పడి ఉన్న చిన్న, పెద్ద సైజుల తొడుగులను ఈరోజే బయటకు తీయండి. ఒక్కొక్క చెవికి ఒక్కొక్కటి పెట్టి, ఫ్యాను కింద కూర్చొని పరీక్షించి చూడండి. చాలామందికి కొత్తది కొనే అవసరమే రాకపోవచ్చు.